కరెంటు మాది, పాస్‌వర్డ్ వాళ్లది: మూడు వేసవులు వాడిన ఎనర్జీ మేనేజ్‌మెంట్ సిస్టమ్

కడపలో ఒక మూడంతస్తుల బట్టల షోరూమ్‌కి మెయింటెనెన్స్ చూస్తాను. హెచ్‌టీ కనెక్షన్ (పెద్ద లోడున్నవాళ్లకిచ్చే హై టెన్షన్ కరెంటు), ఏ ఫ్లోర్‌లో చూసినా ఏసీలే. కరెంటు వాడకాన్ని కొలిచి అదుపు చేసే ఎనర్జీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ పెట్టించాక మూడో వేసవి కూడా దాటింది. యాప్, రంగుల చార్టులు, నెలవారీ రిపోర్టుల సంగతి బ్రోచర్లో ఉంటుంది, నేను చెప్పేది డిమాండ్ కంట్రోల్ గురించే, అంటే లోడు హద్దు మీరకుండా సిస్టమే ఏసీలు ఆపడం, వేయడం. మాకు డబ్బు మిగిల్చింది అదే, పండగ పూట పరువు తీసిందీ అదే.

హెచ్‌టీ బిల్లులో యూనిట్లు వేరు, డిమాండ్ చార్జీ వేరు. డిమాండ్ అంటే ఒకేసారి లాగే లోడు, దాన్ని కేవీఏల్లో కొలుస్తారు. మాకు కేవీఏకి నెలకు 475 రూపాయలు. నెలలో ఎప్పుడో కాసేపు లోడు ఎగబాకితే చాలు, ఆ అంకె మీదే నెలంతటికీ కట్టాలి. అది ఎంత తగ్గినా ఒప్పంద డిమాండ్‌లో (ఇంతవరకే వాడతామని కరెంటు సంస్థకు రాసిచ్చిన లోడులో) 80 శాతానికి మాత్రం కట్టి తీరాలి. అప్పట్లో మాకు ఒప్పందం 200 కేవీఏ. సాయంత్రం రష్‌లోనే లోడు ఎక్కువని ఓనర్‌తో సహా అందరి లెక్క. గ్రాఫ్ చూస్తే శిఖరం ఉదయం పదకొండుకు ముందే! రాత్రంతా మూసి ఉండి సెగ పట్టిన బిల్డింగ్‌లో, షట్టర్ తీయగానే సెక్యూరిటీ అతను ఏసీలన్నీ ఒకేసారి వేసేవాడు. ఫ్లోర్ చల్లబడేదాకా ఒక్క కంప్రెసరూ ఆగదు. ఇప్పుడు తొమ్మిదిన్నరకు కింది ఫ్లోర్, ఆ తర్వాత ఒక్కోటీ వరసగా సిస్టమే వేస్తుంది. 170 దాకా పోయే డిమాండ్ 130కి దిగింది. ఆ రికార్డు దగ్గర పెట్టుకుని ఒప్పందాన్ని 150కి తగ్గించుకున్నాం. అది తగ్గించకపోతే 160కి కట్టాల్సిందే కదా. రెండూ కలిసి నెలకు 19 వేలు మిగిలింది.

ఇక 2024 సంగతి. ఉగాది ఏప్రిల్ 9న, రంజాన్ 11న. ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లింలు కూడా వచ్చే ఊరు మాది. రెండు పండగలూ ఒక్కసారే వస్తే బట్టల కొట్టు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ఇఫ్తార్ అయ్యాక ఇసకేస్తే రాలనంత జనం. బయట సీరియల్ సెట్లు, సెల్లార్‌లో అద్దె కూలర్లతో అదనపు కౌంటర్. లోడు సిస్టమ్‌లో పెట్టిన హద్దు 140 తాకగానే అది రెండో ఫ్లోర్ ఏసీలు ఆపేసింది. పెళ్లి పట్టుచీరలు, ట్రయల్ రూములు ఉండేది అక్కడే. ఏది ముందు ఆపాలనే జాబితాను బిగించినవాళ్లు ప్యానెల్‌లో ఫీడర్ (ఒక్కో భాగానికి కరెంటు వెళ్లే లైను) నంబర్ల వరసలో వేసి వెళ్లిపోయారు. గోడౌన్ ఏసీ జాబితాలో అట్టడుగున ఉంది కాబట్టి అది హాయిగా తిరుగుతోంది.

అసలు తంటా ఆ తర్వాత మొదలైంది. ఆగిన కంప్రెసర్‌ను వెంటనే వేయకూడదు కాబట్టి కొన్ని నిమిషాల గడువు పెట్టారు, అది సరే. గడువు కాగానే ఫ్లోర్ మొత్తాన్ని ఒకేసారి వేసింది. అప్పటికే వేడెక్కిన ఫ్లోర్, అన్నీ ఫుల్‌గా లాగాయి. మళ్లీ 140, మళ్లీ కోత. అలారం మోగుతూనే ఉంది. ఆడవాళ్లు చీర పెట్టెల మూతలతో విసురుకుంటున్నారు. చెమట చుక్క పట్టు మీద పడుతుందేమోనని కౌంటర్ అమ్మాయి ఒకామె ముంజేతికి కర్చీఫ్ కట్టుకుంది. ఓనర్ మెట్ల మీద నుంచే కేకేశాడు: "ఏందప్పా ఇది, పైన జనాలు ఉడికిపోతాండారు!"

సెట్టింగ్ మారుద్దామంటే పాస్‌వర్డ్ సిస్టమ్ బిగించిన కంపెనీ దగ్గర. ఫోన్ చేస్తే "టికెట్ రైజ్ చేశాం సార్" అన్నారు. మా ఎలక్ట్రీషియన్ ఇక లాభం లేదని సెలెక్టర్ స్విచ్ ఆటోలోంచి మాన్యువల్‌కి తిప్పేశాడు. ఆ నెల 150 దాటిన కొద్ది కేవీఏలకు బిల్లులో వాత పడింది. పడనీయండి, పెళ్లి చీరల బేరం ఒక్కటి తప్పిపోతే అంతకన్నా ఎక్కువ పోతుంది. ఆ లెక్క మెషీన్‌కి తెలియదు, బిగించినవాళ్లయినా అడగాలి కదా.

ఆ కంపెనీకి కట్టే ఏడాది ఫీజు ఆపితే గానీ పాస్‌వర్డ్ ఇవ్వలేదు. వరస మార్చాం: ముందు గోడౌన్, తర్వాత ఆఫీసు, చివర చీరలు. తిరిగి వేసేటప్పుడు ఒక్కో ఏసీనే. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ 31న, పక్కపక్కనే వచ్చాయి. గోడౌన్, ఆఫీసు ఏసీలు మాత్రమే ఆగాయి. అయినా ఆ రెండు సాయంత్రాలూ ప్యానెల్ దగ్గర మనిషిని కూర్చోబెట్టాను.

అన్నట్టు, పైన చెప్పిన 19 వేలల్లో ఎల్‌ఈడీల వాటా కూడా ఉంది. అదే ఏడాది పాత ట్యూబులు తీసేశాం, రెండు ముసలి ఏసీలు మార్చాం. దేని వల్ల ఎంత తగ్గిందో సిస్టమ్ విడదీసి చెప్పదు.

ఎల్‌టీ (మామూలు లో టెన్షన్) కనెక్షన్, నాలుగు ఏసీలు ఉన్న కొట్టుకు ఇంత హంగామా గిట్టదు. ఆసుపత్రి వాళ్లు అడిగితే అలారం వరకు పెట్టుకోండి, ఆటో కోత జోలికి పోవద్దంటాను. మాకైతే రాత్రి దాకా ఉండే సొంత ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, కాబట్టి ఈ ఏడాది ఫీజు కట్టేయమనే ఓనర్‌కి చెప్పాను.