విశాఖా? హైదరాబాదా?

పర్యావరణం కోణంలో ఈ రెండిట్లో ఏ ఊళ్లో ఉండడం మేలంటే, ఇంటి నుంచే పని చేసుకునేవాళ్లయితే విశాఖకే నా ఓటు. ఊరిని ఆనుకునే కంబాలకొండ అడవి, దాదాపు 70 చదరపు కిలోమీటర్లు. ముడసర్లోవ జలాశయం మీద 2018 నుంచి నీళ్లపై తేలే సోలార్ పలకలున్నాయి. అలాగని ఎక్కడ పడితే అక్కడ ఇల్లు తీసుకోకండి. పోర్టు దగ్గరైతే పొద్దున తుడిచిన బాల్కనీ గచ్చు మీద సాయంత్రానికి నల్లటి పొడి. వేలితో రాస్తే మసిలా అంటుకుంటుంది. బొగ్గు, ఇనుప ఖనిజం అక్కడే దిగుతాయి, ఎక్కుతాయి. చుట్టూ కొండలుండి ఊరు గిన్నెలా ఉండడంతో ఆ దుమ్ము తొందరగా పోదు. ఎండాడ, మధురవాడ వైపు చూసుకోండి.

రోజూ ఆఫీసుకెళ్లాలంటే మాత్రం హైదరాబాదే. 2017లో మొదలైన మెట్రో ఇప్పుడు సుమారు 69 కిలోమీటర్లు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా బండి తీయకుండా, ట్రాఫిక్ టెన్షన్ లేకుండా వెళ్లిపోవచ్చు. విశాఖలో మెట్రో ఊసు ఇంకా కాగితాల మీదే. (స్టేషన్ దిగాక ఇంటికి ఆటో తప్పదనుకోండి, అది వేరే సంగతి.)

హైదరాబాద్‌లో నాకు మింగుడుపడనిది నీళ్ల వ్యవహారం. కృష్ణా, గోదావరి నీళ్లను వంద కిలోమీటర్ల పైనుంచి పంపులతో ఎత్తిపోస్తారు. మనం కుళాయి తిప్పిన ప్రతిసారీ ఎక్కడో మోటారు తిరుగుతున్నట్టే లెక్క.