వైట్ ప్లేట్ సెల్ఫ్ డ్రైవ్ బండి మీద కాశీ దాకా వెళ్లొచ్చాం, దయచేసి మీరు ఆ పని చేయకండి

మహబూబ్‌నగర్, జడ్చర్ల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి సొంతంగా నడుపుకుంటూ కాశీకో, కశ్మీర్‌కో, కన్యాకుమారికో వెళ్దామని కారు అద్దెకు వెతుకుతున్నవాళ్లు అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి. 44వ నంబర్ జాతీయ రహదారి మన గడప ముందునుంచే పోతుంది కాబట్టి ప్రయాణం తేలికే అనిపిస్తుంది. రోడ్డుతో మాకు ఏ ఇబ్బందీ రాలేదు. వచ్చిందంతా బండితోనే.

నాన్న పోయి ఏడాది దాటింది. కర్మ అంతా బీచుపల్లిలో కృష్ణ ఒడ్డున అయింది కానీ, గయలో పిండం పెట్టాలని అమ్మ మనసులో ఉండిపోయింది. బీహార్ పోయే దానాపూర్ రైలుకు వెయిటింగ్ లిస్ట్ చాంతాడంత ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ప్లాట్‌ఫాం మెట్లు ఎక్కలేదు. అమ్మ, చిన్నమ్మ, అక్క, బావ, నేను, నా భార్య, మొత్తం ఆరుగురం. ఏడు సీట్ల బండి తీసుకుని, నేనూ బావా మార్చి మార్చి నడుపుదామనుకున్నాం. జడ్చర్ల నుంచి హైదరాబాద్, నిర్మల్, ఆదిలాబాద్, నాగ్‌పూర్, జబల్‌పూర్, రీవా మీదుగా ప్రయాగ, అక్కడినుంచి కాశీ, గయ. రానుపోను 3,200 కిలోమీటర్ల పైనే, ఎనిమిది రోజులు.

రెండు చోట్ల రేటు అడిగాం. ఒకరు రోజుకు 4,000 చెప్పారు. ఇంకొకరు 2,800 అన్నారు. ఎనిమిది రోజులకు 9,600 తేడా. 2,800 చెప్పినాయన ఫోన్లో చాలా మర్యాదగా మాట్లాడాడు. "అన్నా, కిలోమీటర్లకు లిమిట్ లేదు. ఫాస్టాగ్‌కు యాన్యువల్ పాస్ ఉంది, టోల్ ఖర్చే రాదు" అన్నాడు. సంతోషపడి 15,000 డిపాజిట్, మొత్తం అద్దె ముందే కట్టేశాం.

నేను ఆగి ఆలోచించాల్సింది అక్కడే. ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ 2025 ఆగస్టు 15 నుంచి వచ్చింది. వచ్చినప్పుడు దాని ధర 3,000, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. కానీ ఆ పాస్ సొంత వాడకం కార్లు, జీపులు, వ్యాన్లకే ఇస్తారు, అద్దె బండ్లకు ఇవ్వరు. అంటే అద్దెకిచ్చే మనిషి 'నా బండికి యాన్యువల్ పాస్ ఉంది' అన్నాడంటే, ఆ బండి అద్దెకు తిప్పడానికి రిజిస్టర్ కాలేదని తనే చెప్పినట్టు. ఆ సంగతి నాకు నాగ్‌పూర్ దాటాక, 200 ట్రిప్పులూ అయిపోయి మేమే రీచార్జ్ చేసుకుంటున్నప్పుడు తట్టింది.

బయల్దేరే రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు బండి వచ్చింది. ఫోటోలో చూపించిన బండి కాదు. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు, అంటే సొంత వాడకం బండి. సెల్ఫ్ డ్రైవ్‌కు అనుమతి ఉన్న బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి, డ్రైవర్‌తో వచ్చే టాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు. మా బావ డీసీఎం లారీ నడుపుతాడు, ఇవన్నీ ఆయనకు తెలుసు. టార్చి వేసి టైర్లు చూశాడు. టైరు పక్కన డీఓటీ అని ఉండే వరుస చివర్లో నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. వెనక టైర్ల మీద 2318 అని ఉంది, అంటే 2018లో 23వ వారం. "బామ్మర్దీ, ఈ బండి వద్దు" అన్నాడు. అమ్మ అప్పటికే తలస్నానం చేసి, నాన్న ఫోటోకు దండం పెట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఆమె మొహం చూసి నేనే "పోదాం బావా" అన్నాను. ఒప్పందం కాగితం చదవకుండా ఆ చీకట్లోనే సంతకం పెట్టాను.

బండి తెచ్చినతను పోతూ పోతూ "పోలీసోళ్లు ఆపితే దోస్తు బండి అని చెప్పండి అన్నా, ఏం కాదు" అన్నాడు. పెన్‌గంగ దాటి మహారాష్ట్రలోకి వెళ్లాక నిజంగానే ఆపారు. ఆర్సీలో ఉన్నది మేం ఎన్నడూ వినని పేరు. నేను హిందీలో దోస్తు బండి అని చెప్పాను, వదిలేశారు. తండ్రికి పిండం పెట్టడానికి పోతూ, తల్లి పక్కన కూర్చుని వింటుండగా అబద్ధం ఆడాను. అమ్మ ఏమీ అనలేదు. ఆదిలాబాద్‌లో కొన్న జామపండ్లు సాయంత్రం దాకా ముట్టుకోలేదు.

ఆ అబద్ధం బయటపడితే ఏమయ్యేదో తర్వాత తెలుసుకున్నాను. పర్మిట్ లేకుండా అద్దెకు తిప్పితే మోటారు వాహనాల చట్టం 192ఎ సెక్షన్ కింద 10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు, బండిని ఆపేసుకోవచ్చు. ఆరుగురం సామానుతో రోడ్డు మీద నిలబడేవాళ్లం. అంతకన్నా పెద్దది ఇన్సూరెన్స్. సొంత కారు పాలసీ అద్దెకు తిప్పేటప్పుడు వర్తించదని పాలసీ కాగితంలోనే రాసి ఉంటుంది. మా చేతిలో ఎవరికైనా దెబ్బ తగిలి ఉంటే కంపెనీ మాకు అండగా నిలబడేది కాదు, ఓనరు ఎటూ తప్పించుకోవాలనే చూసేవాడు. కోర్టుల చుట్టూ మేమూ తిరగాల్సి వచ్చేది. ఇన్సూరెన్స్ కాగితం ఉంది కదా అని ధీమాగా ఉండకండి, అది ఏ వాడకానికి ఇచ్చిందో చూడండి.

రెండోరోజు కట్నీ దాటి మైహర్ దగ్గరికి వస్తుండగా వెనక ఎడమ టైరు పేలింది. బావ స్టీరింగ్ మీద ఉన్నాడు, డెబ్బైకి మించి పోవట్లేదు, ఎవరికీ ఏమీ కాలేదు. నేనైతే భయంతో గట్టిగా బ్రేక్ తొక్కేవాణ్ణి. ఆయన బ్రేకు జోలికి పోకుండా స్టీరింగ్ గట్టిగా పట్టుకుని మెల్లగా పక్కకు తెచ్చాడు. స్టెపినీ తీస్తే అందులో గాలి లేదు. జాకీ ఉంది కానీ దాన్ని తిప్పే రాడ్ లేదు. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తే పెట్రోలింగ్ బండి వచ్చి, మమ్మల్ని టైర్ల షాపు దాకా చేర్చింది. ఆ నంబరు ఫోన్లో దాచుకోండి. రెండు టైర్లకు 11,400 అయింది. బండి అద్దెకిచ్చిన ఏజెంటుకు ఫోన్ చేస్తే బిల్లు దాచిపెట్టమన్నాడు, దాచాను, ఈరోజుకీ ఒక్క రూపాయి రాలేదు.

గయలో కార్యం చక్కగా జరిగింది. అమ్మ తృప్తి పడింది. దాని గురించి ఇక్కడ రాయను.

తిరుగు ప్రయాణంలో జబల్‌పూర్ దాటాక, లఖ్‌నాదోన్ దగ్గర ధాబాలో భోంచేసి వచ్చి తాళం తిప్పితే బండి స్టార్ట్ కాలేదు. రాత్రి ఏడున్నర, చలి. బ్యాటరీ ఏమో అనుకుని పావుగంట తంటాలు పడ్డాం. అప్పుడు ఏజెంటు ఫోన్ వచ్చింది. "కిలోమీటర్లు దాటినయి అన్నా, పైసలు కొట్టు, బండి స్టార్ట్ అయితది." బండిలో జీపీఎస్‌తో పాటు దూరంనుంచే ఇంజన్ ఆపేసే లాక్ పెట్టారు. నేను చదవకుండా సంతకం పెట్టిన కాగితంలో రోజుకు 300 కిలోమీటర్లు, అంటే ఎనిమిది రోజులకు 2,400, ఆపైన కిలోమీటరుకు 12 రూపాయలు అని ఉంది. ఫోన్లో లిమిట్ లేదన్న మాటకు సాక్ష్యం లేదు. ఇల్లు చేరేదాకా లెక్కగట్టి 10,000 అడిగాడు. వేరే రాష్ట్రం, రాత్రివేళ, బండిలో ఇద్దరు పెద్దవాళ్లు. పంపించాను. రెండు నిమిషాల్లో బండి స్టార్ట్ అయింది. చిన్నమ్మ ఆ రాత్రి నాగ్‌పూర్ దాకా కన్ను మూయలేదు, మళ్లీ ఎక్కడ ఆపేస్తాడోనని.

ఇంటికొచ్చాక గీతలు, సర్వీసింగ్ అంటూ డిపాజిట్‌లో 11,000 పట్టుకున్నాడు. బిల్లు ఇవ్వలేదు. ఆ గీతలు ముందునుంచీ ఉన్నవే, కానీ బండి తీసుకునేటప్పుడు మేం వీడియో తీయలేదు. 9,600 మిగులుతుందనుకుంటే టైర్లు, కిలోమీటర్లు, డిపాజిట్ కలిపి 32,400 పోయింది.

మీరు వెళ్లేటప్పుడు బండి ముందురోజు సాయంత్రమే, వెలుతురు ఉండగా చేతికి తీసుకోండి. బయల్దేరే గంటలో వస్తే వద్దనే ధైర్యం ఎవరికీ ఉండదు, వాళ్లకూ అది తెలుసు. నంబర్ ముందే అడిగి ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి, సొంత కారు అని చూపిస్తే అక్కడితో ఆపేయండి. ఏ రాష్ట్రాల మీదుగా వెళ్తారో చెప్పి, అన్నిటికీ చెల్లే టూరిస్ట్ పర్మిట్ చూపించమనండి. కిలోమీటర్ల లిమిట్, ఇంజన్ లాక్ ఉందా లేదా, టైరు పోతే ఎవరు భరించాలి, ఈ మూడూ వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. స్టెపినీ కిందికి దించి చూడండి, జాకీ రాడ్‌తో సహా. పెద్దవాళ్లతో వెళ్తుంటే నా మాట విని డ్రైవర్‌తో పసుపు ప్లేటు బండి మాట్లాడుకోండి, ఖర్చు ఎక్కువైనా సరే.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా కాగితాలు సిద్ధం చేస్తున్నాను. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయొచ్చు. ఇలాగే మోసపోయినవాళ్ల దగ్గర ఒప్పందం కాగితం, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు ఉంటే పారేయకండి. కేసు ఎలా రాయాలో తెలియకపోతే అడగండి, నా కాపీ చూపిస్తాను.