నర్తకుల బర్నౌట్‌ను ఫిట్‌నెస్ బ్యాండ్ పట్టిస్తుందా?

రెండు మూడు వేల రూపాయల ఫిట్‌నెస్ బ్యాండ్లు ఇప్పుడు కూచిపూడి క్లాసుల్లోనూ చాలా చేతులకు కనిపిస్తున్నాయి. క్యాలరీలు, అడుగులు లెక్కపెట్టుకోవడానికైతే నర్తకులకు ఇవి దండగ. బర్నౌట్‌ను, అంటే ఎడతెగని శ్రమతో ఒళ్లూ మనసూ అలసిపోవడాన్ని, ముందే పసిగట్టాలంటే మాత్రం ఒక్క అంకె కోసం కొనొచ్చు: నిద్రలో నమోదయ్యే విశ్రాంతి పల్స్.

సాధన చేసేటప్పుడు చూపించే పల్స్‌ని నమ్మకండి. బ్యాండు అడుగున వెలిగే ఆకుపచ్చ లైటు చర్మం కింది రక్తప్రవాహాన్ని చదువుతుంది. పతాక ముద్ర నుంచి అలపద్మ ముద్రకు చెయ్యి తిప్పినప్పుడల్లా మణికట్టు దగ్గర కండరాలు బిగుస్తాయి, బ్యాండు జరుగుతుంది, లెక్క తప్పుతుంది. మూడో కాలంలో, అంటే అన్నిటికన్నా వేగంగా, జతులు (అడుగుల వరసలు) కొడుతున్నప్పుడు పాదం దెబ్బల వేగాన్నే గుండె వేగంగా చూపించడమూ మామూలే. సాధనలో పల్స్ కచ్చితంగా కావాలంటే ఛాతీకి కట్టుకునే పట్టీ నయం.

ఇంతకన్నా పెద్ద లోపం, శ్రమను తక్కువగా చూపడం. పావుగంట అరమండిలో (మోకాళ్లు పక్కలకు వంచిన భంగిమలో) నిలబడితే తొడలు వణుకుతాయి, బ్యాండు లెక్కలో ఒక్క అడుగూ పడదు. క్షేత్రయ్య పదానికి గంటసేపు కూర్చుని అభినయం పట్టినా దాని దృష్టిలో అది విశ్రాంతే. అందుకే పక్కన ఒక నోటుబుక్ తప్పనిసరి. క్లాసు అయిన అరగంటకు, పడిన శ్రమకు సున్నా నుంచి పది వరకు మార్కు వేసి నిమిషాలతో గుణించండి. 90 నిమిషాలు, శ్రమ 7 అయితే 630. వారం మొత్తం కూడండి. ప్రదర్శన దగ్గరపడిందని ఈ మొత్తం ఒక్కసారిగా సగానికి సగం పెరిగితే, దెబ్బలూ అలసటా ఆ తర్వాతి వారాల్లో బయటపడే ప్రమాదం ఉంది.

రాత్రి బ్యాండు బాగానే పనిచేస్తుంది. మామూలు సాధన ఉన్న రెండు వారాల విశ్రాంతి పల్స్ సగటు రాసుకోండి. దానికన్నా నిమిషానికి ఐదారు ఎక్కువగా వరసగా మూడు నాలుగు రోజులు వస్తే, నిద్రా తగ్గితే, శరీరం కోలుకోవడం లేదని అనుమానించాలి. జ్వరం మొదలవుతున్నా, నీళ్లు చాలకపోయినా, నెలసరికి ముందు రోజుల్లోనూ పల్స్ పెరుగుతుంది. నెలసరి దగ్గరైతే పోయిన నెల అవే రోజులతో పోల్చండి. పల్స్ తగ్గితే మంచిదేనని సంబరపడొద్దు. తిండి చాలకుండా నెలల తరబడి సాధన చేసేవాళ్లకు పల్స్ మరీ పడిపోవచ్చు. నెలసరి మూడు నెలలు రాకపోతే బ్యాండు ఏం చెప్పినా డాక్టర్ని కలవాల్సిందే.

మనసు సంగతి బ్యాండుకు అందదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను పనికి సంబంధించిన స్థితిగా వివరిస్తూ మూడు గుర్తులు చెప్పింది: తీరని అలసట, పనిమీద విముఖత, చేతకావడం లేదన్న భావన. నర్తకుల్లో ఇవి ఎలా ఉంటాయంటే, గజ్జెలు తీసుకోగానే విసుగు, నట్టువాంగం (తాళాలతో పలికే జతుల లయ) వినిపించినా కదలిక లేకపోవడం, ఏళ్లుగా వచ్చిన జతి మధ్యలో జారిపోవడం. పల్స్ మామూలుగా ఉన్నా ఇవి రెండు వారాలు సాగితే సాధన తగ్గించండి.

తగ్గించడమంటే పూర్తిగా మానడం కాదు. మొదటి వారం సమయం సగం చేసి, మూడో కాలాన్నీ గెంతులనూ పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే తరంగాన్నీ పక్కన పెట్టండి. పాట వింటూ చేతులతో మాత్రమే నడిపించుకోండి. వారానికి ఒక రోజు పూర్తి సెలవు. క్లాసయ్యాక గంటలోపు పెరుగన్నం, గుడ్డు, అరటిపండు లాంటివి కడుపునిండా తినాలి. రెండు మూడు వారాలకీ తేరుకోకపోతే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి.

కొనేటప్పుడు బ్యాటరీ వారం నిలిచేది, మెత్తని పట్టీ ఉన్నది చూడండి. చెమటకు దద్దుర్లు రాకుండా పట్టీని రోజూ కడగాలి. గాఢనిద్ర ఇంత, కలల నిద్ర ఇంత అనే విభజన అంత నమ్మదగ్గది కాదు, మొత్తం నిద్ర గంటలు చాలు. ఒత్తిడి స్కోరు కనబడకుండా ఆపేయండి, పొద్దున్నే అది చూసి దిగులుపడేవాళ్లు ఉన్నారు. గురువులకు ఒక్క మాట: శిష్యుల బ్యాండు లెక్కలు అడగకండి. అడిగారంటే పిల్లలు అలసటను దాచడం నేర్చుకుంటారు.