జీడితో దోర్దోన్ వెళ్ళొచ్చాం

"కుక్కకి వీసా ఏమిటే, చోద్యం కాకపోతే!" అంది మా అమ్మ ఫోన్లో. వీసా కాదమ్మా, ఆరోగ్య పత్రం అన్నాను. "అదేలే," అంది.

నిజానికి మా ఇద్దరి ప్రయాణానికంటే జీడి ప్రయాణానికే ఎక్కువ కాగితాలు పట్టాయి. జీడి మా కాకర్ స్పానియల్ కుక్క. రంగు చూసి పెట్టిన పేరే కానీ, గుణం కూడా అదే. పట్టుకుంటే వదలదు. ఇంగ్లండు నుంచి ఫ్రాన్సుకి కుక్కని తీసుకెళ్ళాలంటే మైక్రోచిప్ ఉండాలి, రేబిస్ టీకా వేయించి 21 రోజులు దాటాలి, బయలుదేరే ముందు పది రోజుల్లోపు అధికారం ఉన్న పశువైద్యుల (వెట్) దగ్గర యానిమల్ హెల్త్ సర్టిఫికెట్ రాయించుకోవాలి. ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ ఉండే బొత్తి అది. వెళ్ళిన ప్రతిసారీ కొత్తది కావాలి. ధర క్లినిక్‌ని బట్టి బాగా మారుతుంది, నాలుగు చోట్ల అడిగాకే అపాయింట్‌మెంట్ తీసుకోండి.

చాలామందికి తెలియని మెలిక ఇంకొకటుంది. బ్రిటన్ నుంచి మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి తీసుకెళ్ళకూడదు. జీడి తిండి బస్తా ఇంట్లోనే వదిలేయాల్సి వచ్చింది. దానితోపాటు నా నెయ్యి డబ్బా కూడా. ఆవకాయకి ఏ అడ్డూ లేదు. నెయ్యి లేకుండా తొమ్మిది రోజులు ఆవకాయ తిన్నాం, ఫ్రెంచి వెన్నతో. ఫర్వాలేదు, బానే ఉంది.

రెడింగ్ నుంచి ఫోక్‌స్టన్, అక్కణ్ణించి రైలు మీద కారెక్కించి సముద్రం కింద నుంచి ఫ్రాన్సు తీరంలోని కలే. రైలు ప్రయాణం 35 నిమిషాలు. కుక్క మనతోపాటే కార్లోనే ఉంటుంది కాబట్టి ఓడ కంటే నేను దీనికే ఓటేస్తాను. కొన్ని ఓడల్లో కుక్కని కారులో వదిలేసి మనం పైకి వెళ్ళాలి, అది నాకు మనసొప్పదు. కలే నుంచి, ఫ్రాన్సు నైరుతిలో ఉన్న దోర్దోన్ నది లోయ 800 కిలోమీటర్ల పైమాటే. ఒక్క రోజులో తోలేస్తామనే ధీమా వద్దు. మేం దారిలో ఓర్లేయాఁ దగ్గర ఒక రాత్రి ఆగాం. హైవే పక్కన ఆగే చోట్లు చాలావరకు చెట్లూ బల్లలతో ఉంటాయి, కుక్క కాళ్ళు చాపుకోడానికి చక్కగా పనికొస్తాయి.

ఇక బస సంగతి. ఫ్రెంచి పల్లెల్లో అద్దెకిచ్చే ఇళ్ళని జీత్ అంటారు. వెతికేటప్పుడు "కుక్కలకు అనుమతి" అని చూసి మురిసిపోయాను. ఆ మాటకి ఎన్ని అర్థాలుంటాయో మొదటి ఇంట్లో తెలిసింది. రాత్రికింత అని కుక్కకి విడిగా డబ్బులు కట్టించుకున్నారు, సరే. లోపల పడగ్గది గుమ్మం దాటకూడదు, సోఫా ఎక్కకూడదు, తోటలో ఒంటరిగా వదలకూడదు, ఇంట్లో ఒంటరిగా అసలే వదలకూడదు అని నాలుగు కాగితాలు అతికించి ఉన్నాయి. అంటే తీసుకురావచ్చు గానీ ఎక్కడా పెట్టకూడదన్నమాట. చుట్టూ కంచె ఉందని ప్రకటనలో రాశారు. మూడు వైపులా ఉంది. నాలుగో వైపు పొద కింద జీడి పట్టేంత సందు. మేం సూట్‌కేసులు దింపేలోపే అది పక్కింటి కోళ్ళ దగ్గర ఉంది. పాపం పెద్దాయన కోళ్ళని లెక్కపెట్టుకుని, అన్నీ ఉన్నాయని తేలాక నవ్వేశాడు. మా ఆయన మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

నాలుగు రాత్రుల తర్వాత మారిన రెండో ఇల్లు సార్లా అనే ఊరికి పది నిమిషాల దూరం. రాతి గోడ, నాలుగు వైపులా. గుమ్మం దగ్గర నీళ్ళ గిన్నె, పాత తువ్వాళ్ళ దొంతర. ఇంటావిడకి సొంతంగా ముసలి కుక్క ఒకటుంది. ఆవిడ నా వైపు చూడకముందే జీడికి "బోంజూర్" చెప్పింది. కుక్కకి అదనంగా ఒక్క యూరో తీసుకోలేదు. ఇకమీదట నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: కంచె నాలుగు వైపులా ఉందా, ఎంత ఎత్తు, ఫొటో పంపుతారా? రెండోది, కుక్కని ఇంట్లో ఒక గంట వదిలి వెళ్ళొచ్చా? స్విమ్మింగ్ పూల్ గురించి తర్వాత అడగొచ్చు.

సార్లా ఊరంతా తేనెరంగు రాయి. సంత బుధవారం, శనివారం. శనివారంది పెద్దది, వీధులన్నీ నిండిపోతాయి. చిన్న కుక్కతో ఆ తొక్కిసలాటలోకి వెళ్ళడం నా దృష్టిలో పొరపాటే. జీడి తోక రెండుసార్లు తొక్కారు. బుధవారం ఎనిమిదిన్నరకల్లా వెళ్తే హాయి. మేకపాల జున్ను బిళ్ళలు, స్ట్రాబెర్రీలు, వాల్‌నట్ల కేకు, ఎటు చూసినా బాతు. బాతు మాంసం బల్ల ముందు జీడి కూర్చున్న తీరు చూస్తే గుళ్ళో ధ్వజస్తంభం ముందు భక్తురాలే. పాత సెయింట్ మేరీ చర్చిని కూరగాయలు, తినుబండారాల బజారుగా మార్చారు. దాని గుమ్మానికి ఆకాశమంత ఎత్తు ఉక్కు తలుపులు పెట్టించిన వాస్తుశిల్పి జాఁ నూవెల్ ఈ ప్రాంతం మనిషే.

హోటళ్ళ విషయంలో ఫ్రాన్సుని మెచ్చుకోవాలి. బయట బల్లల దగ్గర కుక్కని ఎవరూ కాదనలేదు, రెండు చోట్ల లోపలికి కూడా రమ్మన్నారు. మాకు మెనూ రాకముందే జీడికి నీళ్ళొచ్చేవి. అదే దేశంలో బేకరీలోకి మాత్రం కుక్కకి ప్రవేశం లేదు. అందుకే రోజూ పొద్దున్నే నేనూ జీడీ వీధిలో, మా ఆయన లోపల. రొట్టె ఒకటి తెమ్మంటే ప్రతిసారీ దాంతోపాటు ఇంకోటేదో సంచిలో దాచుకుని వచ్చేవాడు. శాకాహారులకి ఒక హెచ్చరిక: ఇక్కడి ప్రసిద్ధ సార్లా బంగాళాదుంపల వేపుడు, పేరులో మాంసం లేదు కదా అని నేను చెప్పబోయాను. అది వేయించేది బాతు కొవ్వులో. పక్క బల్లావిడ చెప్పబట్టి బతికిపోయాను.

లాస్కో సంగతి విడిగా చెప్పాలి. వేల ఏళ్ళ నాటి ఎద్దులు, గుర్రాల బొమ్మలున్న ఆ గుహని 1940 సెప్టెంబర్‌లో మోంతిన్యాక్ కుర్రాళ్ళు కనిపెట్టారు. వాళ్ళలో ఒకడి కుక్క, దాని పేరు రోబో, ఒక బొరియ దగ్గర తచ్చాడి దారి చూపిందని అక్కడ అందరూ చెప్పుకునే కథ. జనం ఊపిరికి బొమ్మలు పాడవుతున్నాయని 1963లో అసలు గుహ మూసేశారు. ఇప్పుడు చూపించేది 2016లో తెరిచిన నమూనా, అదీ అచ్చుగుద్దినట్టుంటుంది. కుక్క దొరికించిన చోటికి కుక్కలు రాకూడదట! టికెట్లు వేర్వేరు టైములకి కొనుక్కుని వంతులేసుకున్నాం. ఆయన లోపల ఉన్నంతసేపు నేనూ జీడీ ఊళ్ళో ఏటి ఒడ్డున కూర్చున్నాం. వంతులవారీ చూడటం చెడ్డదేం కాదు గానీ, ఆ ఎద్దుల గది నుంచి బయటికొచ్చి పక్కన చెప్పుకోడానికి మనిషి లేకపోవడం వెలితే. కుక్కని కార్లో వదిలి ఇద్దరం వెళ్ళడం అనే ఆలోచనే పెట్టుకోకండి. ఆ రోజు ఎండ 34 డిగ్రీలు.

దానికి బదులు మార్కెసాక్ తోటలు. గొలుసు ఉంటే చాలు, జీడినీ రానిచ్చారు. కొండ అంచున గొర్రెల మందలా గుండ్రంగా కత్తిరించిన బాక్స్ అనే చిన్నాకుల మొక్కల పొదలు, లక్షన్నర మొక్కలట. నీడలో ఆరు కిలోమీటర్ల పైన నడకదారులు. చివర్న బెల్వెడేర్, అంటే లోయంతా కనిపించే చోటు, నుంచి కింద నది, లా రోక్ గజాక్ ఊరి ఇళ్ళు కొండకి అతుక్కుని. కుక్కతో వచ్చేవాళ్ళకి ఈ లోయలో ఒక్కచోటే చూడమంటే ఇదే చెప్తాను.

రెండోది కనో. ఎగువన పడవెక్కి డోమ్, లా రోక్ ఊళ్ళు, కాస్టెల్నో, బేనాక్ కోటల కిందుగా దిగువకి తేలిపోవడం. వందేళ్ళ యుద్ధంలో కాస్టెల్నో ఇంగ్లీషువాళ్ళది, ఎదురుగా బేనాక్ ఫ్రెంచివాళ్ళది, మధ్యలో నది. ఆ నది మీద జీడి లైఫ్ జాకెట్ వేసుకుని పడవ ముక్కున నిలబడి రెండు పక్షాల మీదా సమానంగా మొరిగింది. ఒక్క చిట్కా: పడవలో కుక్కకి సరే అన్నవాళ్ళు, తిరుగు ప్రయాణపు మినీబస్సులో సరే అంటారో లేదో ముందే అడగండి. మావాళ్ళు ఒప్పుకున్నారు, తడి కుక్క నా ఒళ్ళో.

పొద్దుటి నడకకి సార్లా నుంచి దక్షిణంగా పాత రైలు పట్టాల మీద వేసిన సైకిల్ బాట ఉంది. చదును, నీడ. అడవిలో అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 30 దాకా దారి వదిలి కుక్కని గొలుసు లేకుండా తిప్పకూడదు, పక్షులూ జింకలూ పిల్లలు పెట్టే కాలం. ఈ మాట ఇంటావిడే చెప్పింది. ఇంకోటి కూడా చెప్పింది, నేనే సరిగ్గా వినలేదు: ఎండిన గడ్డి జాగ్రత్త అని.

ఏడో రోజు జీడి తల ఒకవైపు వాల్చి చెవి విదిలిస్తూనే ఉంది. ఎపియే అంటారు అక్కడ, అడవి గడ్డి వెన్ను ముక్క. మన ఉత్తరేణి గింజలు చీర కుచ్చిళ్ళకి పట్టుకున్నట్టే పట్టుకుంటుంది. కానీ ఇది బట్ట మీద ఆగదు. దాని నూగు ఒక్కవైపుకే ఉంటుంది, ముందుకే గానీ వెనక్కి రాదు. వెట్ చిన్న దీపం పెట్టి, పొడుగాటి పట్టకారుతో చెవిలోంచి లాగి నా అరచేతిలో పెట్టింది. వడ్లగింజకంటే కొంచెం పొడుగు, అంతే. ఆ రోజు నుంచి సాయంత్రం వేళ్ళ సందులు, చెవులు, చంకలు వెతకడం నా పని. అదే వెతుకులాటలో రెండు పిడుదులు కూడా దొరికాయి. ఫ్రాన్సు నైరుతిలో పిడుదుల వల్ల పైరోప్లాస్మోసిస్ అనే రక్తపు జబ్బు వస్తుంది, బయలుదేరే ముందే మందు వేయించండి.

అదే క్లినిక్‌లో తిరుగు ప్రయాణానికి బద్దెపురుగుల మాత్ర వేయించాం. బ్రిటన్ చేరే సమయానికి కనీసం 24 గంటల ముందు, 120 గంటలకి మించకుండా వెట్టే వేసి సర్టిఫికెట్‌లో రాయాలి. తేదీ రాశారు, ముద్ర వేశారు, సంతకం పెట్టారు. కారెక్కాక మా ఆయన కాగితం తిరగేసి, "గంట రాయలేదే" అన్నాడు. వెనక్కి పరుగు. తలుపు వేసేస్తున్నారు. 11:40 అని రాయించుకున్నాం.

కలేలో పెంపుడు జంతువుల కౌంటర్లో స్కానర్ మన చేతికే ఇస్తారు, మనమే కుక్క మెడ మీద తిప్పాలి. జీడి చిప్ మూడోసారికి పలికింది. అద్దం వెనకామె పేజీలు తిప్పి, ఆ గంట రాసిన గడి మీద వేలు పెట్టి ఆగి, వాచీ చూసుకుని, మళ్ళీ లెక్క వేసి, సరేనంది.