ఆటోనగర్ ఫ్యాన్ మోటారు, పాత హెడ్‌లైట్ బల్బు: నాలుగు వేసవుల తర్వాత

ముందు మార్కులు వేసేస్తాను. ఆటోనగర్‌లో కొన్న రేడియేటర్ ఫ్యాన్ మోటారుకు అయిదుకు రెండున్నర. కారు కంప్యూటర్ చెప్పే అంకెలను ఫోన్‌లో చూపించే ఓబీడీ అడాప్టర్‌కు మూడున్నర. ఇంట్లో పాత డబ్బాలో దొరికిన హెడ్‌లైట్ బల్బుకు అయిదుకు అయిదు. 2022 మే నుంచి మూడూ నా దగ్గరే ఉన్నాయి.

కారు 2012 నాటి 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఉండేది విజయవాడ. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో రేడియేటర్ పాట్లు వేరే చెప్పాలా!

గొడవ ఏసీతో మొదలైంది. బండి పోతున్నంతసేపూ చల్లగా ఉండేది, సిగ్నల్ దగ్గర ఆగితే ఉత్త గాలి. గ్యాస్ అయిపోయిందనుకుని పదిహేను వందలు వదిలించుకున్నాను. ఏసీ కండెన్సర్ ఉండేది రేడియేటర్‌కు ముందే. నా కారులో రెండింటికీ గాలి లాగాల్సింది ఒక్క ఫ్యానే. హైవే మీద ఎదురుగాలే ఆ పని చేసేస్తుంది కాబట్టి ఫ్యాన్ చచ్చిపోయినా తెలియదు, ఆగినప్పుడే బండారం బయటపడుతుంది. ఈ ముక్క నాకు తట్టేసరికి రామవరప్పాడు రింగు దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నాను, టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతకు వేలెడు దూరంలో ఉంది. ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ ఫుల్లుగా పెట్టుకుని ఇల్లు చేరాను. హీటర్ లోపల ఉండేది కూడా చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. మే నెలలో బెజవాడలో కారు హీటర్ వేసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

మర్నాడు మెకానిక్ బానెట్ ఎత్తి ఏసీ వేయమన్నాడు. కంప్రెసర్ టక్కున పట్టుకుంది, ఫ్యాన్ కదల్లేదు. “మోటారు పోయింది సార్” అన్నాడు. పరీక్ష అక్కడితో అయిపోయింది. కంపెనీ ఫ్యాన్ సెట్ మొత్తంగా కొంటే ఆరు వేలు దాటుతుందన్నారు. పేరులేని మోటారు ఒకటి ఆటోనగర్‌లో పద్దెనిమిది వందలకు దొరికింది. ప్లగ్ సరిపోకపోతే వైర్లు కోసి మెలిపెట్టి టేపు చుట్టాడు. పాత మోటారు డిక్కీలో పడేసి ఇచ్చాడు. ఫ్యాన్ తిరిగింది, కాకపోతే ఏసీ మునుపటంత చల్లగా లేదు. ఎండ ఎక్కువలే అనుకున్నాను.

సరిగ్గా మూడు వారాలు. మళ్లీ ఆగిపోయింది.

ఈసారి మెకానిక్ “రిలే, సెన్సర్ గోలంతా ఎందుకు సార్, స్విచ్ పెట్టి డైరెక్ట్ చేసేద్దాం” అన్నాడు. ఈ సలహా వినని కారు యజమాని మన దగ్గర ఉండడు. దీని కవల తమ్ముడు “థర్మోస్టాట్ తీసేస్తే వేడే ఎక్కదు” అనే సలహా. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు. రెండూ నాకు నచ్చవు. స్విచ్ వేయడం మరిచిపోయిన రోజు ఇంజిన్ వేడెక్కి దాని లోపలి సీలు, హెడ్ గ్యాస్కెట్ పోతుంది, ఆపడం మరిచిపోయిన రోజు బ్యాటరీ పోతుంది. థర్మోస్టాట్ లేని ఇంజిన్ చలికాలంలో ఎంతసేపటికీ వేడెక్కక పెట్రోలు తాగుతుంది. దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఆదివారం పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉండగానే కూర్చున్నాను. ఫ్యూజ్ బాగుంది. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చే రిలే. ఫ్యాన్ రిలే, హారన్ రిలే ఒకే నంబరువి కాబట్టి అటుదిటు మార్చాను. హారన్ మోగింది, ఫ్యాన్ కదల్లేదు. ఇంజిన్ వేడి కొలిచే కూలెంట్ సెన్సర్ ప్లగ్ పీకి ఇగ్నిషన్ వేశాను. చాలా కార్లలో సెన్సర్ కనపడకపోతే కంప్యూటర్ భయపడి ఫ్యాన్‌ను తిప్పేస్తుంది. రిలే టిక్కుమంది, ఫ్యాన్ మాత్రం ఉలకలేదు. అంటే సెన్సర్, కంప్యూటర్, రిలే తమ పని చేస్తున్నాయి. మోటారు ప్లగ్ దగ్గర మల్టీమీటర్ పెడితే 12.4 వోల్టులు. కరెంటు వస్తోంది, మోటారు తిరగట్లేదు, కాబట్టి కొత్త మోటారూ పోయిందని ఎవరైనా అంటారు. నేనూ అన్నాను. తీసి నేరుగా బ్యాటరీకి కలిపితే రయ్యిమని తిరిగింది!

అప్పుడు గుర్తొచ్చింది పాత హెడ్‌లైట్ బల్బు. మల్టీమీటర్ దాదాపు కరెంటు తీసుకోదు. వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా నిండు వోల్టేజీ చూపిస్తుంది. అరవై వాట్ల బల్బు అయిదు ఆంపియర్లు అడుగుతుంది, ఫ్యాన్ ఇంకా ఎక్కువే అడుగుతుంది. అడిగితేనే గదా పస తెలిసేది. బల్బుకు రెండు వైర్లు కట్టి ప్లగ్‌కు పెడితే మిణుగురులా వెలిగింది. నెగెటివ్ వైరు తీసి బ్యాటరీ నెగెటివ్‌కు పట్టిస్తే భగ్గుమంది. దొంగ ఎర్త్ వైపు, అంటే నెగెటివ్ వైరు చాసిస్‌కు కలిసే వైపున్నాడు. మోటారు తిరిగి బిగించి, ఫ్యాన్ ఆన్‌లో ఉండగా మోటారు నెగెటివ్‌కూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య మీటర్ పెడితే పదకొండు వోల్టుల పైనే చూపించింది. సున్నాకు దగ్గరగా ఉండాల్సిన చోటది. మీటర్ తప్పేం లేదు, నేను అడిగిన తీరే తప్పు.

హెడ్‌లైట్ వెనక చాసిస్‌కు బిగించిన ఎర్త్ బోల్టు విప్పితే కింద పచ్చగా చిలుము. వైరు చివర బోల్టుకు బిగించే లగ్గులో వైరు సగానికి పైగా తెగిపోయి ఉంది. మెకానిక్ ఫ్యాన్ బిగించేటప్పుడు ఆ వైర్లు కదిలినందువల్లే మూడు వారాలు నడిచింది. ఎమరీ పేపర్‌తో రుద్ది, కొత్త లగ్గు నొక్కి, గ్రీజు పూసి బిగించాను. ఖర్చు ముప్పై రూపాయలు. ఈసారి అదే చోట 0.1 వోల్టు.

ఒకటి చెప్పాలి. బల్బు నిమిషంలో చెయ్యి కాల్చేంత వేడెక్కుతుంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు కొన్ని కార్లలో తాళం తీసేసినా ఫ్యాన్ తిరుగుతుంది, వేళ్లు పెట్టకండి. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదన్న సంగతి అందరికీ తెలిసిందే.

ఫ్యాన్ తిరిగినా కథ అయిపోలేదు. అడాప్టర్ ఆ వారమే ఏడు వందలకు తెప్పించాను. బండి నిలిపి చూస్తే ఫోన్‌లో 104 డిగ్రీలు, ఫ్యాన్ హోరు, అంకె మాత్రం దిగదు. గ్రిల్ ముందు న్యూస్‌పేపర్ ముక్క పెట్టాను. అంటుకోవాల్సింది పోయి ఎగిరి నా మొహాన పడింది. వైర్లు మెలిపెట్టినప్పుడు ఎరుపు, నలుపు తారుమారయ్యాయి, ఫ్యాన్ వెనక్కి తిరిగి గాలి ముందుకు నెడుతోంది. ఏసీ చల్లగా లేకపోవడానికి ఎండ కారణం కాదన్నమాట. మార్చాక 96 దగ్గర ఆన్, 91 దగ్గర ఆఫ్. ఇప్పటికీ అంతే.

అడాప్టర్‌లో నాకు పనికొచ్చింది ఆ అంకె ఒక్కటే. డాష్‌బోర్డు ముల్లు 80 నుంచి 105 దాకా మధ్యలోనే బద్ధకంగా కూర్చుంటుంది, అది కదిలేసరికి ఆలస్యమైపోతుంది. కంప్యూటర్ తప్పు కనిపెడితే దాచుకునే కోడ్ మాత్రం ఎర్త్ పోయినందుకు ఒక్కటీ రాలేదు. పీ0480 అనే ఫ్యాన్ సర్క్యూట్ కోడ్ ఉంది గానీ, నా కారు కంప్యూటర్ చూసేది రిలే కాయిల్ వరకే. ఆ తర్వాత ఫ్యాన్ నిజంగా తిరిగిందో లేదో దానికి తెలియదు. బ్లూటూత్ తరచూ తెగుతుంది. వారం రోజులు బండిలోనే వదిలేస్తే బ్యాటరీ నీరసించింది.

ఇక మోటారు. మొదటి రోజు నుంచీ పాతదానికంటే మోత ఎక్కువ. రెండో వేసవికి కీచుమనడం మొదలైంది. 2025 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఆగిపోయింది. బల్బు పెట్టి చూస్తే భగ్గున వెలిగింది, తప్పు మోటారుదే. స్పానర్‌తో దాని వీపు మీద నెమ్మదిగా తడితే తిరిగింది. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోతే సాధారణంగా ఇలాగే అవుతుంది. రీవైండింగ్ షాపులో బ్రష్‌లు మార్చడానికి మూడు రోజులు పడుతుందన్నారు. అందాకా నడుస్తుందిలే అని డిక్కీలో మూడేళ్లుగా దుమ్ము తింటున్న పాత మోటారు తీసి బిగించాను. బ్రష్‌లు మార్చిన ఆటోనగర్ మోటారు షాపు నుంచి వచ్చి డిక్కీలో కూర్చుంది. పాతదే తిరుగుతోంది, చప్పుడు లేదు.