తిరుమల నడకకు ముందు పెంచలకోన దాకా

నెల్లూరు నుంచి తిరుమలకు కాలినడకన వెళ్ళాలని మేము నలుగురం అనుకున్నప్పుడు, సామాను కొనడానికి ముందు మా కాళ్ళ సంగతి తేల్చుకోవాలనిపించింది. ఒక్కరోజు పాతిక కిలోమీటర్లు నడవడం అంత కష్టం కాదు. మర్నాడు తెల్లవారుజామున ఆ నొప్పులతోనే లేచి మళ్ళీ అంత దూరం నడవడమే కష్టం. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఉగాది దాటితే ఎండలు కాబట్టి మాఘమాసాన్ని ఎంచుకున్నాం.

మొదటి ఆదివారాలు పెన్న వంతెన దాటి జొన్నవాడకు నడిచాం. సుమారు 12 కిలోమీటర్ల దారి చదునుగా ఉండడం వల్ల నడక వేగం కుదిరింది గానీ మోకాళ్ళకు పని పడలేదు. ఆ లోటు ఇవతలి ఒడ్డున ఉన్న నరసింహకొండ తీర్చింది. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. ఈ కొండ అందులో ఏ మూలకూ రాదు, అయినా దిగేటప్పుడే మోకాళ్ళు ఎక్కువ బాధపడతాయని అక్కడే తెలిసింది.

అసలు సాధన నరసింహస్వామి క్షేత్రమైన పెంచలకోన ప్రయాణం. పొదలకూరు, రాపూరు మీదుగా సుమారు 80 కిలోమీటర్ల దూరాన్ని మూడు రోజులకు పంచుకున్నాం. జాతీయ రహదారితో పోలిస్తే ఈ దారిలో లారీల హోరు తక్కువ, నిమ్మతోటల నీడ అక్కడక్కడా దొరుకుతుంది. కాకపోతే ఊరికీ ఊరికీ మధ్య మంచినీళ్ళు, మరుగుదొడ్డి దొరకడం కష్టం. ఈ రెండో ఇబ్బంది ఆడవాళ్ళకు ఎంత పెద్దదో మాతో వచ్చిన మా వదినగారు చెప్పేదాకా మగవాళ్ళం ఆలోచించనే లేదు. ఆ తరువాత ప్రతి మజిలీనీ పెట్రోలు బంకులను బట్టి నిర్ణయించుకున్నాం.

మొదటి రాత్రి దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది. అయితే మూడో అంతస్తు, వేడినీళ్ళు ఉదయం ఆరు తరువాతే. నాలుగింటికి బయలుదేరే వాళ్ళకు అలాంటి గది ఎంత చవకైనా దండగే. మర్నాటి రాత్రి తెలిసినవారి ఇంటి వసారాలో చాపల మీద పడుకున్నాం. బకెట్టెడు ఉప్పువేసిన గోరువెచ్చని నీళ్ళు, వేడివేడి చారన్నం దొరికాయి. నా మట్టుకు ఆ వసారాకే ఎక్కువ మార్కులు. పెంచలకోనలో సత్రాలున్నాయి గానీ శనివారం రద్దీ ఎక్కువ కనుక మేము బుధవారం చేరేలా బయలుదేరాం. పెనవేసుకున్న శిలల రూపంలో ఉన్న నరసింహస్వామిని తొందర లేకుండా దర్శించుకోగలిగాం.

సామాను విషయంలో నా లెక్క పూర్తిగా తప్పింది. ఏడు కిలోల సంచితో బయలుదేరి, పొదలకూరులో మూడు కిలోలు తీసి, నెల్లూరు బస్సెక్కుతున్న బంధువు చేతికిచ్చాను. మిగిలిన వాటిలో నిజంగా పనికొచ్చినవి రెండు జతల నూలు మేజోళ్ళు, తొడలు ఒరుసుకోకుండా రాసుకునే కొబ్బరినూనె, ఓఆర్‌ఎస్ పొట్లాలు, టార్చిలైటు, చీకట్లో వాహనాలకు కనబడే మెరుపు పట్టీ. మాలో ఒకాయన కొత్త బూట్లు తొడుక్కొచ్చి రెండో రోజుకే రెండు మడమలకూ బొబ్బలు తెచ్చుకున్నారు. నా పాత బూట్లు చూడడానికి అసహ్యంగా ఉన్నా ఒక్క బొబ్బా రానివ్వలేదు.

తిరిగి వచ్చాక తిరుమల ప్రణాళికను మళ్ళీ రాసుకున్నాం. తొలిరోజే గూడూరు చేరాలన్న పంతం మాని, మనుబోలు దగ్గర ఆగాలనుకున్నాం. నాయుడుపేట తరువాత శ్రీకాళహస్తిలో ఒక పూట పూర్తి విశ్రాంతి. రేణిగుంట నుంచి వచ్చిన రోజునే మెట్లెక్కకుండా తిరుపతిలో పడుకుని, మర్నాడు అలిపిరిలో సంచులను దేవస్థానంవారి ఉచిత సామాను కౌంటరులో అప్పగించి, వట్టి చేతులతో కొండెక్కుతాం. బొబ్బల పెద్దమనిషి మాత్రం ఇప్పటినుంచే పాత బూట్లతో రోజూ మార్కెట్టుకు నడిచి వెళ్తున్నారు.