ఎర్ర బురద దేనికి మేలు: సిమెంటుకా, ఇనుముకా, అరుదైన లోహాలకా?

బాక్సైట్ ఖనిజాన్ని కాస్టిక్ సోడాలో ఉడికించి, అల్యూమినియానికి ముడిసరుకైన అల్యూమినా తీసే బేయర్ పద్ధతి 1888 నాటిది. నేటికీ ప్రపంచమంతా దాదాపు అదే పద్ధతి. టన్ను అల్యూమినా చేతికొచ్చేసరికి టన్ను నుంచి టన్నున్నర దాకా ఎర్ర బురద మిగులుతుంది. ఒడిశాలోని దామన్‌జోడిలో ప్రభుత్వ సంస్థ నాల్కో తీసే అల్యూమినాలో ఎగుమతికి వెళ్లేది రైలెక్కి మన విశాఖ పోర్టుకు వస్తుంది. బురద మాత్రం కోరాపుట్ కొండల్లోనే ఉండిపోతుంది.

ఉండిపోవడమే ప్రమాదం. 2010 అక్టోబరు 4న హంగరీలోని ఐకా దగ్గర గట్టు తెగి, ఆ బురద కొలొంటార్, దెవెచెర్ ఊళ్ల మీద పడింది. పదిమంది చనిపోయారు, బతికినవాళ్లలో చాలామందికి క్షారంతో ఒళ్లు కాలింది. 2019 ఏప్రిల్‌లో ఝార్ఖండ్‌లోని మురిలోనూ బురద గుట్ట జారింది. అందుకే ఏ దారి మంచిదని తూచేటప్పుడు నేను మొదట చూసేది ఒక్కటే: గుట్ట ఎంత తరుగుతుంది? లాభం ఆ తర్వాత.

ఈ కొలతతో చూస్తే సిమెంటుదే పైచేయి. పొడిచేస్తే సిమెంటు అయ్యే కాల్చిన గడ్డలను క్లింకర్ అంటారు. దానికి సున్నపురాయితో పాటు కొంత ఇనుము, కొంత అల్యూమినా కావాలి. వాటి కోసం ఫ్యాక్టరీలు లాటరైట్ అనే ఎర్ర రాయి కొంటాయి. ఎర్ర బురదలో ఆ రెండూ ఉన్నాయి. నూటికి రెండు మూడు పాళ్లు కలిపినా, సిమెంటు తయారయ్యే మోతాదు లక్షల టన్నుల్లో కాబట్టి బురద బాగానే కదులుతుంది. ఏటా 12 లక్షల టన్నుల బురదను అల్ట్రాటెక్ సిమెంటు ఫ్యాక్టరీలకు పంపుతామని అల్యూమినియం కంపెనీ హిందాల్కో 2020లో ప్రకటించింది. అంటే ఇది ప్రయోగశాల దాటి వచ్చిన దారి. ఇందులో మనకు దగ్గరి సంగతి ఇంకొకటుంది. నాతవరం మండలంలో లాటరైట్ తవ్వకాలపై ఎంత ఆందోళన జరిగిందో ఉత్తరాంధ్ర వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒడిశా బురద మన సిమెంటు ఫ్యాక్టరీలకు చేరితే, ఆ మేరకు కొత్తగా కొండ తవ్వే పని తగ్గుతుంది. నన్ను సిమెంటు వైపు ఎక్కువగా లాగేది ఈ మాటే.

చిక్కులు లేవని కాదు. మొదటిది బురదలో మిగిలిపోయే సోడా, అది క్షారం. సిమెంటులో క్షారాలు పెరిగితే కొన్ని రకాల కంకరతో చర్య జరిగి, ఏళ్లు గడిచాక కాంక్రీటు ఉబ్బి పగులుతుంది. బురదను ఇష్టమొచ్చినంత కలపలేకపోవడానికి కారణం అదే. రెండోది నీళ్లు. బురద నిల్వచేసే చెరువులోంచి తోడినదాన్ని లారీకెత్తితే సగం బాడుగ నీళ్లకే పోతుంది. ఫిల్టర్ ప్రెస్‌లో పిండి, అట్టులా గట్టిపడ్డాక పంపితేనే గిట్టుబాటు. పైగా అలా పిండినప్పుడు కాస్టిక్ సోడా కొంత వెనక్కి వస్తుంది, గట్టు తెగే భయమూ తగ్గుతుంది. ఏ దారి ఎంచుకున్నా ఈ ప్రెస్ మాత్రం పెట్టాల్సిందే.

ఇక ఇనుము. బురదలో ఐరన్ ఆక్సైడ్ 30 నుంచి 60 శాతం దాకా ఉంటుంది. 50 శాతం ఉందనుకుంటే టన్నులో 350 కిలోల ఇనుము. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజంలో టన్నుకు 600 కిలోలకు పైగా దొరుకుతుంటే ఉక్కు ఫ్యాక్టరీ దీని మొహం ఎందుకు చూస్తుంది? బొగ్గుతో కరిగిస్తే పొగ కూడా ఎక్కువే. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ పరిశోధకులు కరెంటుతో నడిచే ఆర్క్ ఫర్నేసులో, విపరీతంగా వేడెక్కిన హైడ్రోజన్ వాయువుతో (ప్లాస్మా) నిమిషాల్లోనే ఇనుము వేరుచేసి చూపించారు. ఆశ పెట్టుకోదగ్గ పనే. కానీ చవకైన కరెంటు, చవకైన హైడ్రోజన్ రెండూ ఉండాలి. అవి వచ్చేదాకా దీన్ని రెండో స్థానంలోనే ఉంచుతాను.

అరుదైన లోహాల కథ వినడానికి అన్నిటికన్నా బాగుంటుంది, గుట్టను మాత్రం అన్నిటికన్నా తక్కువ కదిలిస్తుంది. టన్ను బురదలో స్కాండియం 100 గ్రాములుందనుకోండి. పది లక్షల టన్నుల్లో 100 టన్నులు. ప్రపంచం మొత్తానికి ఏటా పట్టేదే కొన్ని పదుల టన్నులు. ఆమ్లంలో నానబెట్టి ఆ గ్రాములు తీశాక, మిగతా టన్ను ఎప్పటిలాగే ముందుంటుంది, పైగా ఆమ్లపు నీళ్లు తోడు. చిప్‌ల తయారీలో వాడే గాలియం సంగతి వేరు. అది ఎక్కువగా బురదలోకి రాకముందే కాస్టిక్ ద్రావణంలో దొరుకుతుంది. 2023లో చైనా గాలియం ఎగుమతులకు కళ్లెం వేశాక దాన్ని వదులుకోవడం తెలివితక్కువ. అల్యూమినా తీసే రిఫైనరీలు తప్పక తీయాలి, అయితే దాన్ని బురదకు పరిష్కారంగా లెక్కేయకూడదు.

ఇటుకల గురించి అడుగుతుంటారు. రోడ్ల కిందికి, గట్లకి అయితే పరీక్షలు చేసి వాడొచ్చు. ఇంటి గోడలకు మాత్రం నేను ఒప్పుకోను. సోడా పైకి తేలి గోడ మీద తెల్లగా ఉప్పు పూస్తుంది. బాక్సైట్‌లో సహజంగా ఉండే థోరియం, యురేనియం కూడా బురదలో చిక్కబడతాయి. మనుషులు పడుకునే గదికి అది చేరకపోవడమే మంచిది.

అసలు అడ్డంకి రైలు బాడుగ. కోరాపుట్, రాయగడ నుంచి పల్నాడు దాకా టన్ను బురద తేవడానికయ్యే ఖర్చు లాటరైట్ ధరను మించితే ఏ ఫ్యాక్టరీ కొనదు. ఆ తేడాను రిఫైనరీయే భరించాలని చట్టంలో రాయాలి. చెరువు గట్టుకు, దాని కాపలాకు ఏళ్ల తరబడి పెట్టే ఖర్చు ఎటూ దాని ఖాతాలోనే ఉంది.